లెక్కల మాస్టారి జవాబులు: 429 కోట్లు దాటిన ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: మాస్టారూ, ముప్ఫై రెండు 2లను గుణించి, 1 కలిపితే 4,29,49,67,297 వచ్చింది. 100 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను. ప్రతిసారీ శేషం మిగిలింది. ఇక ఇది ప్రధాన సంఖ్యేనని రాసేసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఆగమ్మా, అప్పుడే రాసేయకు. 641తో భాగించి చూడు. 67,00,417 సార్లు సరిగ్గా పోతుంది, శేషం సున్నా.

నువ్వు అనుకున్నట్టే పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అంతటివాడూ అనుకున్నాడు. 2ని 1, 2, 4, 8, 16 సార్లు గుణించి, ప్రతిసారీ 1 కలుపుతూ పో. 3, 5, 17, 257, 65,537... ఈ వరుసలో ఒక్కోటీ ప్రధాన సంఖ్యే. ఆ తర్వాత వచ్చేది నీ సంఖ్య. అదీ అంతేనని ఆయన నమ్మకం. 1732లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త 641ని బయటపెట్టి ఆ నమ్మకానికి గండి కొట్టాడు.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే, దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటైనా దాని వర్గమూలం దాటకుండా దొరకాలి. దీని వర్గమూలం 65,536 పైన పిసరంత. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి. అన్నిటితో భాగిస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? ఇక్కడే ఆయిలర్ తెలివి చూడాలి. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాల్సిందేనని తేల్చాడు. అలాంటివి 193, 257, 449, 577, 641... ఐదోదానికే గుట్టు రట్టయింది! 100 లోపు అలాంటిది ఒక్కటీ లేదు కాబట్టి, నువ్వు అక్కడ ఎంత వెతికినా దొరకదు.

భాగహారం చేయకుండానే 641 సంగతి తేల్చే దారి ఇంకోటి ఉంది. నాకు అదే ఎక్కువ ఇష్టం. కాగితం తీసుకో. 640 అంటే 5 × 2⁷. దాన్ని నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 625 × 2²⁸. అందులోంచి 1 తీసేస్తే మిగిలేది 641తో పోతుంది, ఎందుకంటే x⁴ – 1కి x + 1 ఎప్పుడూ కారణాంకమే. ఇప్పుడు 641ని 625 + 16గా విడగొట్టి 2²⁸తో గుణించు: 625 × 2²⁸ + 2³² వస్తుంది. ఇది 641 గుణిజమని వేరే చెప్పాలా? దీంట్లోంచి ఇందాకటిది తీసేయి. 625 ఉన్న ముక్కలు రెండూ కొట్టుకుపోయి 2³² + 1 మిగులుతుంది. అది నీ సంఖ్యే.

మరి 67,00,417 ఇంకా విరుగుతుందా అని అడుగుతావేమో. విరగదు. దాని వర్గమూలం 2,588 పైచిలుకు. దాన్ని భాగించేది నీ సంఖ్యనూ భాగిస్తుంది కాబట్టి, 64తో భాగిస్తే 1 మిగిలేవాటినే చూస్తే చాలు. పైన చెప్పిన నాలుగు చిన్నవీ ముందే ఓడిపోయాయి. ఇక మిగిలినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఈ ఏడింటితో నువ్వే భాగించి చూసుకో. క్యాలిక్యులేటర్ వాడుకున్నా ఏమీ అనను.