డిస్నీవాళ్ల స్నో వైట్ కంటే ముందు పూర్తి నిడివి యానిమేషన్ సినిమాలు వచ్చాయా? వాటిలో ఇప్పుడు చూడదగ్గది ఏది?

వచ్చాయి. స్నో వైటే ప్రపంచంలో మొట్టమొదటిదని నేనూ చాలా ఏళ్లు నమ్మాను. యానిమేషన్ కోర్సులో చేరిన కొత్తల్లో మా సారు అలాగే చెప్పారు. నోట్సులో రాసుకుని, తర్వాత ఒక ఇంటర్వ్యూలో ధీమాగా అదే అప్పజెప్పాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి, "మరి అర్జెంటీనా సంగతేంటండీ?" అన్నాడు. ఉద్యోగమైతే వచ్చింది గానీ ఆ నవ్వు చాన్నాళ్లు గుచ్చుకుంది.

1937 డిసెంబరులో వచ్చిన స్నో వైట్ ఘనత వేరు. పారదర్శకమైన సెల్ షీట్ల మీద బొమ్మలు గీసి తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా అది. దానికి 20 ఏళ్ల ముందే, 1917 నవంబరులో, బ్యూనస్ ఎయిర్స్‌లో 'ఎల్ అపోస్తోల్' ఆడింది. తీసినవాడు క్విరినో క్రిస్టియాని. ఇటలీలో పుట్టి, చిన్నప్పుడే అర్జెంటీనా చేరిన కార్టూనిస్టు. అట్టముక్కలతో చేసిన బొమ్మలను కొంచెం కొంచెం జరుపుతూ గంటకు పైగా సాగే సినిమా తీశాడు. కథేమో అప్పటి దేశాధ్యక్షుడు ఇరిగోయెన్ మీద వ్యంగ్యం. అంటే మొదటి యానిమేషన్ సినిమా పిల్లలది కాదు, రాజకీయ కార్టూన్! 1926లో నిర్మాత స్టూడియో తగలబడి ప్రింటు బూడిదైంది. 1931లో క్రిస్టియానే 'పెలుదోపోలిస్' అని శబ్దంతో కూడిన సినిమా తీస్తే అదీ తర్వాత మంటల్లోనే పోయింది. రికార్డు క్రిస్టియానిదే, చూసే యోగం మాత్రం మనకు లేదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. రష్యాలో ప్తుష్కో 1935లో తీసిన 'ది న్యూ గలివర్'లో ఒక నిజం కుర్రాడు, చుట్టూ లిల్లీపుట్ మనుషులుగా అవయవాలు కదిలే చిన్న చిన్న ప్రతిమలు. ఇంకో రెండు స్నో వైట్ తర్వాతవే అయినా చెప్పుకోవాలి. చైనావాళ్లది 1941 నాటి 'ప్రిన్సెస్ ఐరన్ ఫ్యాన్'. చుట్టూ యుద్ధం జరుగుతుంటే షాంఘైలో వాన్ సోదరులు తీశారు. జపాన్ కామిక్స్ దిగ్గజం తెజుకా కుర్రాడిగా ఉన్నప్పుడు దీన్ని చూసి మైమరచిపోయాడట. జపాన్‌వాళ్ల 1945 'మొమొతారో' నౌకాదళం ఖర్చుతో తీసిన పక్కా యుద్ధ ప్రచారం. పనితనం బాగుంటుంది గానీ మనసు ఒప్పదు.

చూడమని నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్'. 1926, జర్మనీ. మనకు మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో ఇదే అతి పాతది. నల్లటి నీడబొమ్మలతో దీన్ని తీసింది లోటె రైనిగర్ అనే ఆవిడ. పని మొదలుపెట్టేనాటికి వయసు 24. పెట్టుబడి కథ భలే ఉంటుంది. 1923లో జర్మనీలో డబ్బు విలువ రోజురోజుకీ పడిపోతుంటే, లూయీ హాగెన్ అనే బ్యాంకరు, మనవాళ్లు బంగారం కొన్నట్టు, ముడి ఫిల్మ్ కొని దాచాడట. ఆ ఫిల్మూ ఇచ్చి, పోట్స్‌డామ్‌లో తన కారు షెడ్డు మీద అటకలాంటి గదీ ఇచ్చాడు. అక్కడ ఆవిడ, కెమెరా చూసుకునే భర్త కార్ల్ కోఖ్, ఇంకో ముగ్గురు నలుగురు కలిసి మూడేళ్లు పనిచేశారు. వాళ్లలో మంత్రాల మెరుపులు రుట్‌మన్ చేశాడు, సముద్రపు అలలు బార్టోష్ చేశాడు. రెండున్నర లక్షల ఫ్రేములు తీస్తే లక్ష లోపే వాడుకున్నారు.

కథ వెయ్యిన్నొక్క రాత్రులది. ఎగిరే గుర్రం, మాంత్రికుడు, అల్లావుద్దీన్ దీపం, అన్నీ ఉంటాయి. చివర్లో మంత్రగత్తెకీ మాంత్రికుడికీ పోటీ. ఇతను సింహమైతే ఆవిడ పాము, అలా రూపాలు మార్చుకుంటూ కొట్టుకుంటారు. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్లకు పండగే. కాకపోతే ఈకల వస్త్రం దొంగిలించి రాకుమారిని ఎత్తుకుపోయే సీను దగ్గర మా అమ్మాయి (అయిదో తరగతి) "వీడు హీరోనా?" అని మొహం చిట్లించింది. ఏం చెప్పను, నిజమే మరి.

మా అమ్మ కాసేపు చూసి, "ఇది తోలుబొమ్మలాటే కదరా, రంగులేవి?" అంది. సగం కరెక్ట్. మన తోలుబొమ్మలకు మేకతోలును పల్చగా గీకి, రంగులేసి, చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ రంగుల్లోంచే వెలుగు వస్తుంది. రైనిగర్ బొమ్మ నిలువెల్లా నల్లగా ఉంటుంది, వెలుగంతా దాని చుట్టూనే. రంగు ఉండేది వెనక తెరకే: రాత్రి అయితే నీలం, పగలైతే పసుపు. పైగా మన బొమ్మ తెర మీద నిలబడి ఆడుతుంది, ఆవిడ బొమ్మ అద్దం మీద పడుకుని ఉంటుంది. కింద లైటు, పైన కెమెరా.

పోయిన వేసవి సెలవుల్లో అమ్మాయి పట్టుబట్టి ఇలాంటిదే ఇంట్లో చేద్దామంది. డైనింగ్ టేబుల్ అద్దం మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కింద ట్యూబ్‌లైటు పెట్టాం. పాత శుభలేఖ అట్టతో గుర్రాన్ని కత్తిరించి, మోకాళ్ల దగ్గర రాగి తీగ ముడేశాం. రెండు స్టూళ్ల మధ్య చెక్క వేసి ఫోను బోర్లించి కట్టాం. సెకనుకు 12 ఫోటోలు అనుకున్నాం. మే నెల. ఫ్యాను ఆపితే చెమట బొట్లు అద్దం మీద పడుతున్నాయి, వేస్తే గుర్రం మేము జరపకుండానే ఎగిరిపోతోంది. ఒక మధ్యాహ్నమంతా దానితోనే సరిపోయింది.

రైనిగర్ అట్టతో పాటు పల్చటి సీసపు రేకు ఎందుకు వాడిందో అప్పుడు అర్థమైంది. బొమ్మ బరువుగా, చదునుగా అద్దానికి అంటుకుని ఉండాలి. మా దగ్గర సీసం లేదు, ఉన్నా పిల్ల చేతికి ఇవ్వకూడదు. టూల్‌బాక్సులోని ఇనప వాషర్లు అట్టకి అతికించాం. బొమ్మ ఎలాగూ నల్లటి నీడే కాబట్టి ఏం అతికించినా ఫోటోలో కనపడదు. ఈ సౌకర్యం తోలుబొమ్మకు లేదు.

మీరు చూడదలచుకుంటే 1999లో బాగుచేసిన రంగుల ప్రింటు వెతకండి. గంటా అయిదు నిమిషాలే. జర్మనీలోని అసలు ప్రింట్లు మిగలకపోతే, లండన్‌లో భద్రపరిచిన కాపీ నుంచి దాన్ని తయారుచేశారు. బూడిద రంగులో వెలిసిపోయిన కాపీలు చూసి బాలేదనుకోవద్దు.

మా గుర్రం విషయానికొస్తే, నాలుగు రోజుల్లో తొమ్మిది సెకన్లు పరిగెత్తింది. ఏడో సెకను దగ్గర వెనక కాలు ఒకటి ఉల్టా తిరుగుతుంది. మళ్లీ తీద్దామంటే అమ్మాయి ఒప్పుకోలేదు.