నూటపదహార్లు నైజాం లెక్కేనా?

ప్రశ్న: మొన్న మా అన్నయ్య కూతురి పెళ్లిలో చదివింపులు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. అందరూ 116, 516, 1,116 అనే రాయిస్తుంటే మా అబ్బాయి "116 ఏమైనా ప్రైమ్ నంబరా నాన్నా?" అన్నాడు. పక్కనున్న పెద్దాయనేమో అది నైజాం రూపాయల లెక్క అన్నారు. ఏది నిజం?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి. సరిసంఖ్య కదండీ, ప్రైమ్ ఎలా అవుతుంది? 4 × 29. శుభకార్యానికిచ్చే డబ్బు సమంగా రెండు ముక్కలు కాకూడదు, అందుకే 101, 501 ఇస్తారని చెప్పేవాళ్లున్నారు, ఆ పరీక్షలో మన 116 ఫెయిలే, హాయిగా రెండు 58లు అయిపోతుంది. అయితే ప్రైమ్‌లతో దీనికి వేరే చుట్టరికం ఉంది. 1 నుంచి 116 దాకా అన్నిటినీ గుణించి ఒకటి కలిపితే 191 అంకెల సంఖ్య వస్తుంది, అది ప్రైమ్. ఇలా కుదిరేవి చాలా తక్కువ, దీనికి ముందుది 77, తర్వాతిది 154.

ఇక పెద్దాయన మాట. హైదరాబాద్ సంస్థానంలో నడిచింది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. 6 కల్దార్లకు 7 హాలీలు మారకం, అంటే 100 కల్దార్లకు 116 హాలీలు, పైన ఇంకో పదిన్నర అణాలకు పైగా చిల్లర. వంద కల్దార్లకు సమానంగా ఇవ్వాలని 116 మొదలైందంటారు. లెక్క ఇంత దగ్గరగా వచ్చింది కాబట్టే ఆ కథ నిలిచిపోయిందనుకుంటా. కానీ దగ్గరి సంఖ్య 117 కదా? పైగా నైజాం సిక్కా చెల్లని గోదావరి జిల్లాల్లోనూ నూటపదహార్లే!

నాకైతే ఆ 16 మీదే అనుమానం. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయంటే పదహారణాలు, ఏ లోటూ లేనిదాన్ని ఇప్పటికీ పదహారణాల తెలుగుదనం అంటాం, పూజలోనూ షోడశోపచారాలే. వంద పక్కన ఆ నిండు పదహారు చేర్చి ఉంటారని నా ఊహ. రుజువు మాత్రం అడక్కండి.

మీ అబ్బాయికి ఇంకో పని: 1,116ని 9తో భాగించమనండి, శేషం ఉండదు. 116కి మాత్రం 8 మిగులుతుంది. ఎందుకో తననే చెప్పమనండి, అంకెలు కూడితే తెలిసిపోతుంది.