ప్రాణహిత వరదకు కొట్టుకొచ్చిన దుంగతో పడవ కట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. సన్నటి చెక్క బద్దలను పక్కపక్కనే అతికించి, పైన ఫైబర్‌గ్లాసు గుడ్డ పరిచి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసి తయారుచేసే సన్నటి తెడ్డు పడవ, అంటే స్ట్రిప్ కయాక్‌ను స్వయంగా కట్టుకోవాలని ఉంది. నిరుడు వరదకు ఒక టేకు దుంగ మా ఒడ్డున చిక్కుకుంది. దాన్ని వాడుకోవచ్చా? కాదంటే, పక్క చేను ఆదివాసీ రైతు తన టేకు చెట్టు అమ్ముతానంటున్నాడు, కొనవచ్చా? పడవ పూర్తయ్యాక కాళేశ్వరం వైపు తీసుకుపోతే ఎవరైనా అడ్డుకుంటారా?

జవాబు: వరద దుంగను ముట్టుకోకండి. ఏరు తెచ్చిపెట్టినది ఎవరికి దొరికితే వారిదేనన్న నమ్మకం నది ఒడ్డు ఊళ్లలో గట్టిగా ఉంది గాని, చట్టం అందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. మహారాష్ట్రలో అమలులో ఉన్న 1927 నాటి భారత అటవీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం నీళ్లలో కొట్టుకొచ్చిన, ఒడ్డుకు చేరిన, ఇసుకలో చిక్కుకున్న, మునిగిపోయిన కలప యావత్తూ, దానిపై ఎవరైనా తమ హక్కు రుజువు చేసుకునేంత వరకు, ప్రభుత్వానిదిగానే భావించాలి. అటువంటి కలపను అటవీ అధికారులు సేకరించి ప్రకటన ఇస్తారు. హక్కుదారులు ముందుకు రావడానికి కనీసం రెండు నెలల గడువు ఉంటుంది. ఎవరూ రాకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది. దుంగ మీకు దొరికిందన్న ఒక్క కారణంతో మీరు హక్కుదారు కాలేరు. దాన్ని ఇప్పటికే ఇంటికి చేర్చి ఉంటే, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో, పొడవు, చుట్టుకొలత ఎంతో, చివరన హ్యామర్ మార్కు, అంటే సుత్తితో కొట్టిన గుర్తు ముద్ర, ఉందో లేదో రాసి అటవీ రేంజి కార్యాలయంలో ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. టేకు దొంగరవాణాకు ప్రాణహితనే దారిగా చేసుకున్నవాళ్లు ఉన్నందున ఈ ఒడ్డున దొరికే దుంగను అధికారులు మామూలు వస్తువుగా చూడరు.

పైగా, కలప ప్రభుత్వానిదా కాదా అన్న వివాదం వస్తే, కాదని రుజువయ్యేదాకా ప్రభుత్వానిదేనని 69వ సెక్షన్ ఊహిస్తుంది. అంటే రుజువు భారం మీ మీదే పడుతుంది. 52వ సెక్షన్ కింద నేరానికి వాడిన పనిముట్లను, బండ్లను, పశువులను కూడా స్వాధీనం చేసుకోవచ్చు. ఆ జాబితాలో పడవలను పేరుపెట్టి చేర్చారు.

రైతు చెట్టు విషయంలో రెండు చట్టాలు అడ్డు వస్తాయి. సొంత పొలంలో ఉన్నా సరే, 1964 నాటి మహారాష్ట్ర చెట్ల నరికివేత నియంత్రణ చట్టం షెడ్యూలులో టేకు ఉంది కనుక అనుమతి లేనిదే దాన్ని కొట్టకూడదు. అమ్మేవారు షెడ్యూల్డు తెగకు చెందినవారైతే 1969లో ప్రత్యేకంగా తెచ్చిన చట్టం కూడా వర్తిస్తుంది. చెట్టు అమ్మకం కలెక్టరు ద్వారా నడిచే ప్రక్రియలోనే జరగాలి తప్ప, మీరిద్దరూ చేతికి చేతికి డబ్బు మార్చుకుంటే చెల్లదు. అడవి బిడ్డల చెట్లను అడ్డికి పావుశేరుగా కొట్టుకుపోయే వ్యాపారులను ఆపడానికి వచ్చిన ఈ చట్టం న్యాయమైనదని నా అభిప్రాయం. మీ ఉద్దేశం మంచిదే అయినా దాన్ని పక్కకు నెట్టే దారి వెతకవద్దు.

అసలు ఈ పనికి టేకు అంత అనువైనదీ కాదు. ఉత్తర అమెరికాలో ఈ పడవలకు ఎక్కువగా వాడే వెస్టర్న్ రెడ్ సెడార్ ఘనమీటరు 370 కిలోల చుట్టుపక్కల తూగితే, టేకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. టేకులోని సహజ తైలం వల్ల ఎపాక్సీ సరిగా పట్టదు. ఆరు మిల్లీమీటర్ల మందం, పంతొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు బద్దలకు కావలసింది ముడుల్లేని, నార నిటారుగా ఉన్న తేలిక చెక్క. మన వైపు గుమ్మడి టేకు, అంటే మరాఠీవారి శివణ్, సెడార్ అంత తేలిక కాకపోయినా పరిశీలించదగినది. అది 1964 చట్టం షెడ్యూలులో లేదు. రవాణాకు అటవీ శాఖ పాసు అవసరమా అన్నది మాత్రం రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అయిదు మీటర్ల పడవకు రంపపు వృథాతో కలిపి రెండు మూడు ఘనపు అడుగులు సరిపోతాయి. అటవీ డిపో వేలంలో లాట్లు, అంటే ఒక్కసారిగా అమ్మే కలప కుప్పలు, అంతకంటే చాలా పెద్దవి గనుక, లైసెన్సున్న కలప వ్యాపారి వద్ద కొనడమే మీకు వీలు. బిల్లుపై కలప జాతి, కొలతలు, తాను కొన్న లాటు లేదా పాసు నంబరు రాయమనండి. విదేశీ సెడార్ కొంటే దిగుమతి కస్టమ్స్ పత్రం నకలు అడగండి. కోతకు లైసెన్సున్న సామిల్లుకే ఇచ్చి, కోత రసీదు తీసుకోండి.

ఇక పడవ సంగతి. సురేశ్ లోహియా వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం కేసులో 1996లో సుప్రీంకోర్టు, మనిషి శ్రమతో వేరే వస్తువుగా మారి, వ్యాపారంలో వేరే వస్తువుగానే చలామణి అయ్యే వెదురు చాప అటవీ ఉత్పత్తి కాదని తీర్పు చెప్పింది. బద్దలు, గుడ్డ, ఎపాక్సీ కలిసి ఏర్పడిన కయాక్‌కు ఈ వాదన బాగా వర్తిస్తుంది. అయితే కలప నిర్వచనం వెదురు కంటే విశాలమైనది. కోసిన, చెక్కిన, తొలిచిన చెక్క కూడా అందులోకి వస్తుంది. కాళేశ్వరం వైపు వంతెన దాటితే తెలంగాణ అటవీ చట్టం, దాని రవాణా నియమాలు వేరుగా ఉన్నాయి. కాబట్టి బయల్దేరే ముందు పడవ ఫొటోలు, బిల్లు నకళ్లు జతచేసి సిరోంచ రేంజి కార్యాలయానికి లేఖ ఇవ్వండి. ముద్ర పడిన ఆ లేఖను, అసలు బిల్లులను ప్రయాణంలో వెంట ఉంచుకోండి. దారిలో మరమ్మతుకు పనికొస్తాయని మిగిలిన బద్దలను మాత్రం పడవలో కట్టుకుపోవద్దు. విడిగా ఉన్న బద్ద చట్టం దృష్టిలో ఇంకా కలపే.