స్పీకర్ డబ్బాకి పీయూ మంచిదా, వెనీరా?

ప్రశ్న: 18 ఎంఎం ఎండీఎఫ్‌తో (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) సొంతంగా ఒక జత సీల్డ్ (గాలి రంధ్రం లేని) బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కట్టాను. పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేస్తే ధ్వని స్పష్టంగా ఉంటుందని ఒకరు, టేకు వెనీర్ (అతికించే పలచని చెక్కపొర) అయితే మెత్తగా ఉంటుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏది వేయించాలి? ఇంట్లో ఉన్న పాత వీణకీ అదే పెయింటర్‌తో పీయూ కొట్టించవచ్చా?

జవాబు: స్పీకర్లకి మీ కంటికి నచ్చింది వేయించండి, చెవికి తేడా తెలియదు. 30×20 సెం.మీ. ఎండీఎఫ్ పలక సుమారు 800 గ్రాములు తూగుతుంది. దాని మీద 0.1 ఎంఎం మందాన ఆరిన పెయింటు 7 గ్రాములే. నూటికి ఒక వంతు కూడా లేని ఆ బరువు పలక కంపనాన్ని మార్చలేదు. అర ఎంఎం వెనీర్‌దీ దాదాపు అదే కథ. డబ్బా మోగుతోందని అనుమానముంటే పక్క పలకను వేలి కణుపుతో తట్టండి. డొబ్బుమని మోగితే లోపల ఎదురెదురు పలకల్ని కలుపుతూ ఒక చెక్కముక్కను, సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి, జిగురుతో బిగించండి. ఏ పూతా చేయలేని పని అది చేస్తుంది.

ధ్వని చెడేది పెయింటింగ్ చేసే తీరులో. వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్), ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్నది), వెనక వైర్లు కలిపే టెర్మినల్ అన్నీ విప్పాకే పని మొదలుపెట్టాలి. వూఫర్ కోన్ (ముందు కంపించే గరాటు లాంటి భాగం) మీద పడిన తుంపరలు దాని బరువు పెంచుతాయి. వూఫర్ కూర్చునే గాడికి మాస్కింగ్ టేప్ వేయకపోతే అక్కడ పెయింటు ఎగుడుదిగుడుగా పేరుకుని గాస్కెట్ (గాలి పోకుండా ఆపే మెత్తని పట్టీ) సరిగా అతకదు, గాలి లీకై బేస్ పలచబడుతుంది. ఎండీఎఫ్ కోసిన అంచులు పెయింటును పీల్చేస్తాయి కాబట్టి ముందు సీలర్ పూసి, 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. థిన్నర్ వాసన పూర్తిగా పోయాకే డ్రైవర్లు (వూఫర్, ట్వీటర్) బిగించండి. తర్వాత వూఫర్ కోన్‌ను వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కొస్తే డబ్బా బిగుతుగా ఉన్నట్టే. ట్వీటర్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

వీణకి పీయూ వద్దు. అక్కడ మోగేదే చెక్క. కుండ మీది పలక పలచన, తీగల కంపనం గుర్రం (తీగలు ఆనే వంతెన) గుండా దానిలోకే దిగుతుంది. మందపాటి ప్లాస్టిక్ పూత ఆ పలకకి బరువూ అణచివేతా రెండూ తెస్తుంది, నాదం కుదించుకుపోతుంది. గిటార్‌తో లెక్క చూడండి: అంతే వైశాల్యమున్న 3 ఎంఎం స్ప్రూస్ (గిటార్ పైపలకకి వాడే తేలిక చెక్క) పలక బరువు సుమారు 70 గ్రాములు, అదే 7 గ్రాముల పెయింటు ఇక్కడ పదో వంతు! పైగా వీణ మెట్లు మేళంలో, అంటే మైనపు గట్టులో, నిలిచి ఉంటాయి. పెయింటర్ హీట్ గన్ పెడితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, శ్రుతులు తప్పుతాయి. మెరుపు కావాలంటే పలచని లక్క పాలిష్ చాలు. దాన్నీ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వంటి చోట వీణలు చేసేవారి చేతే వేయించండి.