సీటు కోసమేనా లైబ్రరీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు చెన్నై నుంచే, నాలుగూ పీహెచ్‌డీ బాధలే. ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్లు రిఫరెన్స్ డెస్క్ వెనక కూర్చున్నదాన్ని కాబట్టి సంపాదకులు వాటిని కట్టగట్టి నా మీద పడేశారు. పేర్లు తీసేశాను, ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు పక్కన పల్లె. చెన్నైలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ, రెండో ఏడు. లిటరేచర్ రివ్యూ ఎప్పుడు చూపిస్తావని గైడు గారు రోజూ అడుగుతున్నారు. గూగుల్‌లో వెతికితే మంచి పేపరు ప్రతిదీ నలభై డాలర్లు కట్టమంటోంది. లైబ్రరీకి వెళ్తే అంతా ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలే, కూర్చోడానికి చోటుండదు. హాస్టల్ గదిలోనే ఏదో లాగిస్తున్నాను. ఏం చేయమంటారు? (తాంబరం)

జవాబు: ముందు ఆ నలభై డాలర్ల సంగతి. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అన్నారు కదా, చాలా జర్నళ్లకి మీ తరఫున కేంద్రం డబ్బు ఎప్పుడో కట్టేసింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించిన పథకం, 2025 జనవరి నుంచి నడుస్తోంది. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, ఇంచుమించు 13,000 జర్నళ్లు. యూనివర్సిటీ లైబ్రరీలని నెట్‌తో కలిపే యూజీసీ కేంద్రం, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని చూసుకుంటుంది. క్యాంపస్ నెట్‌లో తెరిస్తే డబ్బులడగని పేపరే మీ ఫోన్ డేటాతో తెరిస్తే అడుగుతుంది, ఎందుకంటే మీరు ఫలానా యూనివర్సిటీ మనిషని అవతలి సైటుకి తెలియదు. బయటి నుంచి చూడాలంటే దానికో లాగిన్ ఉంటుంది, లైబ్రరీలో అడిగితే ఇస్తారు. ఎవరూ మీ గది తలుపు కొట్టి ఇవ్వరు మరి. రెండో ఏడు దాకా ఇది మీకు తెలియలేదంటే తప్పు మీ ఒక్కరిదే అనను, చేరిన వారంలో జరిపే ఓరియెంటేషన్‌లో ఇవన్నీ గంటలో గడగడా చదివేసి టీ ఇచ్చి పంపేస్తారు, ఆ రోజు ఎవరికి ఏం గుర్తుంటుంది?

ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల వాళ్లు ఇది చదివి ఆశపడకండి, ఈ పథకం ప్రభుత్వ సంస్థలకే. మీకు మీ యాజమాన్యం కొన్నవే దక్కుతాయి. లేని పేపరు డెల్‌నెట్ అనే లైబ్రరీల కూటమి ద్వారా వేరే లైబ్రరీ నుంచి తెప్పించగలరేమో అడగండి. అదీ కుదరకపోతే రచయితకే రెండు ముక్కల మెయిల్ రాయండి, తన పేపరు ఎవరో చదువుతానంటే సంతోషించని ప్రొఫెసర్లు తక్కువ.

ఇక చోటు. ఆ పరీక్షల పిల్లల మీద కోపం వద్దు, ఇంట్లో ఫ్యాను కింద జాగా లేకనే వస్తారు. కొట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ ఉంది, 2010లో తెరిచారు, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే వాళ్లకి విడిగా ఒక విభాగమే పెట్టారు. కూర్చోవడానికి అక్కడికి వెళ్లండి. మీ యూనివర్సిటీ లైబ్రరీకి మాత్రం మనిషి కోసం వెళ్లండి. ఒకసారి ఒక కుర్రాడు వచ్చి “మేడమ్, ఎకానమీ బుక్స్ ఎక్కడ?” అన్నాడు. మూడో వరస చూపించి ఊరుకోవచ్చు. ముఖం చూస్తే అతనికి కావలసింది అది కాదనిపించి కూర్చోబెట్టి అడిగితే, పావుగంటకి బయటపడింది: 1930ల్లో చెంగల్పట్టు జిల్లాలో వ్యవసాయ కూలి ఎంతుండేదో కావాలట. అది ఎకనామిక్స్ వరసలో దొరకదు, పాత జిల్లా గెజిటీర్లలో, భూమి శిస్తు నిర్ణయించిన సెటిల్‌మెంట్ రిపోర్టుల్లో వెతకాలి, అవి వేరే అంతస్తులో బీరువాలో తాళం వేసి ఉన్నాయి. కాబట్టి వెళ్లేటప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లండి, మీ టాపిక్ రెండు లైన్లలో, ఇప్పటికే దొరికిన మూడు పేపర్లు, ఎంత వెతికినా దొరకనిది ఒకటి. ఆ చివరి లైను చాలా ముఖ్యం. పాఠకుడి సమయం ఆదా చేయాలని 1931లో ఒక సూత్రంగా రాసిపెట్టిన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేశారు. 1924లో చేరేనాటికి ఆయన లెక్కల మాస్టారు, లైబ్రరీ పని ఓనమాలు కూడా తెలియవు.

ప్రశ్న: ఒక ఇంటర్నేషనల్ జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, మూడు రోజుల్లో పేపరు వేస్తారట, 4,500 కట్టమన్నారు. యూజీసీ లిస్టులో ఉన్నామంటున్నారు. కట్టేయనా? (గిండీ)

జవాబు: కట్టకండి. మూడు రోజుల్లో మీ పేపరు చదివి తప్పులు చెప్పేంత తీరిక ఏ నిపుణుడికీ ఉండదు. పైగా నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ పెట్టిన ఆ ‘కేర్’ లిస్టునే 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, లేని లిస్టులో ఉన్నామని చెప్పేవాళ్లని ఏం నమ్ముతాం? ఇంకోటి, థీసిస్‌కి ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనని యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో రీసెర్చ్ సెక్షన్‌లో కనుక్కోండి. అడుగుతుందంటే జర్నల్ పేరు, దాని గుర్తింపు సంఖ్య (ఐఎస్ఎస్ఎన్) రాసుకుని లైబ్రరీకి వెళ్లండి, స్కోపస్ అనే జర్నళ్ల డేటాబేస్‌లో ఉందో లేదో పది నిమిషాల్లో చూసి చెప్తారు. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి చూడొద్దు, దొంగ జర్నళ్లు అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైటు పెడుతున్నాయి.

ప్రశ్న: మేడమ్ గారూ, నా థీసిస్ ఇంగ్లిషులో రాశాను. ఇచ్చే ముందు చూసుకుందామని క్యాంపస్ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ప్లేజియరిజం చెక్ (వేరేవాళ్ల రాతతో ఎంత కలిసిందో చూసేది) చేయించాను, 1,200 తీసుకున్నారు. 34 శాతం అని వచ్చింది. షాపాయన ఇంకో ఆరు వేలిస్తే ‘తగ్గించి ఇస్తా’ అంటున్నాడు. రాత్రి నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను. (ట్రిప్లికేన్)

జవాబు: తల్లీ, ఆరు వేలు జాగ్రత్తగా పర్సులో పెట్టుకో. ఆయన తగ్గించడమంటే ఏమిటో తెలుసా? నీ వాక్యాల్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్చేస్తాడు. అలా ‘తగ్గించిన’ ఒక థీసిస్ నా బల్ల మీదికి వచ్చింది, లేబర్ మార్కెట్ అన్నచోటల్లా కష్టపు సంత అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాట పడింది, పాపం ఆ పిల్లవాడు వైవా దాకా చూసుకోలేదు.

34 అన్న అంకె చూసి భయపడొద్దు, ఆ రిపోర్టు తెరిచి ఎక్కడెక్కడ రంగు పడిందో చూడు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం కొన్ని లెక్కలోకి రావు: సరిగ్గా మూలం చెప్పి కొటేషన్‌లో పెట్టినవి, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పేర్లు, అందరూ వాడే ఫార్ములాలు, వరసగా 14 మాటల లోపు యాదృచ్ఛికంగా కలిసినవి. షాపుల్లో ఇవేవీ తీసేయకుండా మొత్తం ఫైలు వేసేస్తారు, రిఫరెన్సులే ముప్ఫై పేజీలుంటే అంకె పెరగదా మరి! అవి తీసేశాక 10 శాతం లోపుంటే ఏ చర్యా లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నీ సంగతి ఎక్కువగా మెథడాలజీ చాప్టర్‌లో ఉండొచ్చు, అందరూ అక్కడే సీనియర్ల థీసిస్ నుంచి పేరాలు ఎత్తేస్తారు. ఎత్తి ఉంటే నువ్వే కూర్చుని సొంత మాటల్లో మళ్లీ రాయాలి, దానికి అడ్డదారి లేదు.

నన్ను అసలు భయపెట్టింది వేరే సంగతి. బయట షాపులో వేసిన ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ గోదాములో దాచిపెట్టే రకం అకౌంట్‌లో పడిందనుకో, రేపు యూనివర్సిటీ అదే సాఫ్ట్‌వేర్‌లో చూసినప్పుడు నీ థీసిస్ నీ థీసిస్‌తోనే తొంభై శాతం కలిసిందని వస్తుంది. అలా వచ్చి ఏడ్చిన పిల్లల్ని చూశాను. ఇవాళే లైబ్రరీకి వెళ్లి జరిగింది దాచకుండా చెప్పు, ఏ షాపు అని వాళ్లు అడగరు, రిపోర్టు చూపించమంటారు. గోదాములో పడకుండా చెక్ చేసే వీలు వాళ్ల దగ్గర ఉంటుంది, 2019 నుంచి శోధ్‌శుద్ధి అనే కేంద్ర పథకం కింద యూనివర్సిటీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్లు, చాప్టర్ చాప్టర్‌గా ముందే చూసుకోవడానికి ఒప్పుకునేదీ వాళ్లే. ఇకనైనా జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వేసుకో, డబ్బు కట్టక్కర్లేదు, రిఫరెన్సులు అదే అమరుస్తుంది.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ఒక పక్కమాట. “నాకు సున్నా శాతం వచ్చింది మేడమ్” అని ఒకరు స్వీట్లు పట్టుకొచ్చారు. చూస్తే యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేయించారు. మన కంటికి అది తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం కొక్కిరాయి గీతలు, దేనితో పోల్చాలో దానికి తెలియక సున్నా ఇచ్చింది. రేపు దేశంలోని థీసిస్‌లన్నీ పెట్టే ఆన్‌లైన్ భండారం శోధ్‌గంగలో పెట్టాక మీ థీసిస్‌లోని ఒక్క మాట కూడా వెతికితే దొరకదు. మొదటి రోజు నుంచే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో టైపు చేయించండి, చివర్లో మార్పిస్తే ఒత్తులన్నీ ఊడిపోతాయి.

ప్రశ్న: నమస్తే అండీ. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ తెలుగు పత్రికల్లో స్త్రీల రచనల మీద పని చేస్తున్నాను. ‘గృహలక్ష్మి’ సంచికలు కావాలి. ఆన్‌లైన్ కేటలాగుల్లో కొడితే ‘ఫలితాలు లేవు’ అనే వస్తోంది. తమిళం రాదు, డెస్క్ దగ్గర అడగాలంటే మొహమాటం. (మైలాపూర్)

జవాబు: మీరు ఏ స్పెల్లింగ్‌తో కొట్టారో రాయలేదు, చిక్కంతా అక్కడే ఉంటుంది. ఆ ‘గృ’ చూడండి. ఒకరు జీ ఆర్ యూ అని రాస్తారు, ఒకరు జీ ఆర్ ఐ అని, పండితుల పద్ధతిలో చేసిన కేటలాగులో ఆర్ కింద చుక్కో సున్నానో పెట్టి అచ్చు లేకుండానే వదిలేస్తారు. లక్ష్మిలో ‘క్ష’కి హెచ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇల్లు ఒకటే, తాళాలు ఆరు! ఇంకా ఇది చెన్నై, మన ‘త’కి ఇక్కడి వాళ్లు టీ పక్కన హెచ్ చేరుస్తారు, పత్రిక అన్న మాటే రెండు రకాలుగా ఎక్కి ఉంటుంది. అందుకని పేరు సగమే కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి చూడండి, చాలా కేటలాగులు ఒప్పుకుంటాయి. స్థాపకుడు కె.ఎన్. కేసరి గారి పేరుతో, మొదలైన 1928 సంవత్సరంతో, భాష తెలుగు అని ఎంచుకుని కూడా వెతకండి. అప్పటికీ రాకపోతే లేదని కాదు, పాత పత్రికలు చాలాచోట్ల కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు, చెక్క సొరుగుల్లో కార్డుల మీదే ఉన్నాయి.

తెలుగు సాహిత్యం కోసం వరస చూడాలంటే విషయానికో అంకె ఇచ్చి పుస్తకాలు సర్దే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో 894.827 దగ్గర నిలబడండి. ఎగ్మోర్ మ్యూజియం ఆవరణలో కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నాటిది, అక్కడ పాత పత్రికల విభాగంలో అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలు చాలా స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, ప్రయాణాలు కట్టే ముందు అది చూసుకోండి.

మొహమాటం దేనికండీ? పత్రిక పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో మూడు స్పెల్లింగులతో ఒకసారి, కావలసిన సంవత్సరాలు రాసి కాగితం చూపించండి, ‘సార్, కొంచెం పారుంగ’ (కాస్త చూడండి) అనండి. ఈ ఊళ్లో లైబ్రరీ కౌంటర్ వెనక ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఎవరో ఒకరు తగలకపోతే ఆశ్చర్యపోవాలి, మీ యాస వినగానే లేచి వస్తారు. గైడు గారి దగ్గర ఒక పరిచయపత్రం, రెండు ఫొటోలు సంచిలో ఉంచుకోండి.

తిరగడానికి బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలు పట్టుకోండి, చేపాక్ దిగితే మద్రాసు యూనివర్సిటీ, కొట్టూర్‌పురం దిగితే అన్నా సెంటినరీ, అదే భవనంలో బ్రౌన్, మెకంజీ సేకరణలున్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తరమణి దిగితే తమిళ పత్రికలతో పోల్చుకోవడానికి రోజా ముత్తయ్య లైబ్రరీ. పెన్సిల్ మర్చిపోకండి, పాత కాగితాల గదుల్లో పెన్ను తీయనివ్వరు.