పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: సరిహద్దుకు వెళ్ళిన ఇంటి ఉత్తరాలు

ప్రశ్న: మా పెదనాన్నగారు 1971 యుద్ధకాలంలో సైన్యంలో ఉండి తూర్పు సరిహద్దున పనిచేశారు. అనకాపల్లి దగ్గరి మా ఊరి నుంచి మా నాయనమ్మ ఆయనకు పంపిన ఉత్తరాలు, ముప్పైకి పైగా, ఇటీవల ఒక రేకుపెట్టెలో దొరికాయి. నాయనమ్మకు చదువు రాదు. దస్తూరీలు మూడు రకాలుగా ఉన్నాయి. తేదీలకు బదులు తిథులు ఉన్నాయి. చిరునామాలో ఊరి పేరు లేదు. యుద్ధం గురించి ఒక్క మాట లేదు. చెరకు, గేదె, బెల్లం ధర, ఇవే కబుర్లు. మా తాతగారు ఆ మార్గశిర బహుళ పంచమి నాడు పోయారు. ఆ తరువాతి ఉత్తరాలలో కూడా నాయనమ్మ “నాన్నగారు గానుగ దగ్గర ఉన్నారు” అనే రాయించింది. సంక్రాంతి వెళ్ళాక సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు గాని పెదనాన్నగారికి సంగతి తెలియలేదు. పెద్దకొడుకు చేయవలసిన కర్మ మా నాన్నగారు చేశారు. నాయనమ్మ చేసింది తప్పని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఈ ఉత్తరాలను ఎలా అర్థం చేసుకోవాలి? (కొన్నింటి నకళ్ళు జతపరుస్తున్నాను.)
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: ముందుగా, మీ చేతికి వచ్చినవి అరుదైనవని చెప్పాలి. సరిహద్దు నుంచి కొడుకు రాసిన ఉత్తరాలను ఇంట్లో దూలానికి వేలాడే తీగకు గుచ్చి దాచేవారు కనుక అవి అనేక కుటుంబాలలో మిగిలాయి. ఇంటి నుంచి వెళ్ళినవి అలా మిగలవు. వీపున మోయగలిగినంత సామానుతో వానలోనూ బురదలోనూ చోటు మారే సిపాయి, చదివిన ఉత్తరాన్ని పారవేయకుండా తిరిగి ఇంటిదాకా తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. మీ పెదనాన్నగారు ముప్పైకి పైగా తెచ్చుకున్నారు. మీరు అడిగిన చివరి ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉందని మా ఉద్దేశం.

చిరునామాలో ఊరు లేకపోవడం పొరపాటు కాదు. సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం, ఆ కింద “99 ఏపీఓ” (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే చాలు. ఆ సంఖ్య గల టపా కలకత్తాలోని సైనిక కేంద్ర తపాలా కార్యాలయానికి చేరేది. 56 సంఖ్య గలది ఢిల్లీకి. దళం ఆ రోజున ఎక్కడ ఉన్నదో అక్కడివారికి తెలుసు గాని, అనకాపల్లి పోస్టుమాస్టరుకు తెలియనక్కరలేదు, మీ నాయనమ్మకు అసలే తెలియదు. పిన్ కోడ్ కోసం వెదకకండి. అది 1972 ఆగస్టు 15న గాని రాలేదు.

తిథుల సంగతి ఇంకా సులభం. మీ నకళ్ళలో ఉన్న విరోధికృత్ నామ సంవత్సరం 1971 ఉగాదితో మొదలయింది. డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసిన ఆ యుద్ధం దాదాపు పూర్తిగా మార్గశిర బహుళ పక్షంలోనే నడిచింది. అంటే మీ తాతగారు పోయింది యుద్ధం మొదలైన అయిదో రోజు ప్రాంతాన. తిథి కూడా లేని ఉత్తరం ఉంటే తపాలా బిళ్ళలను చూడండి: శరణార్థుల సహాయార్థం 1971 నవంబరు 15 నుంచి టపా మీద అయిదు పైసల అదనపు పన్ను వేశారు కనుక, “రిఫ్యూజీ రిలీఫ్” బిళ్ళ ఉన్న ఉత్తరం ఆ తరువాతిదే.

ఇక దస్తూరీలు. “అచ్చట నీ క్షేమ సమాచారములు వ్రాయవలెను” అని గుండ్రంగా రాసినది బడిపంతులుగారి చేయి అయి ఉంటుంది. మీ నాయనమ్మ ఏమి చెప్పినా ఆయన కలంలో గ్రాంథికమై దిగింది. తప్పులతో, చుక్కలూ విరామాలూ లేకుండా, “ఒరే నాయనా గేదె ఈనింది” అని సాగేవి ఎవరో చదువుకునే పిల్ల రాసినవి. వాటిని పైకి చదవండి, మీ నాయనమ్మ గొంతు వినిపిస్తుంది. మూడో చేయి ఎవరిదో మాకు పోల్చరాలేదు. ఎవరు రాసినా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: చెప్పి రాయించుకునే తల్లికి కొడుకుతో ఏకాంతం లేదు. వీధి అరుగు మీద నలుగురు వింటూ ఉండగా ఏమి చెప్పగలదో అదే ఉత్తరంలోకి వచ్చింది.

యుద్ధం మాట లేదంటే ఆమెకు తెలియదని కాదు. డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ రేవు దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఆ కబురు బయటికి వచ్చాక మీ ప్రాంతంలో దాని గురించి మాట్లాడుకోని ఇల్లు ఉండి ఉండదు. అటువంటి రోజులలో ఆమె బెల్లం పెనానికి చిల్లు పడిందని రాయించింది. కొడుకు తలచుకోవలసిన ఇల్లు ఎలా ఉండాలో ఆమె నిర్ణయించుకుని, ఆ ఇంటినే పంపింది.

తాతగారి విషయానికి వస్తే, మీరు పంపిన నకళ్ళనే మరొకసారి చూడండి. కార్తీకం నాటి ఉత్తరాలన్నీ “మీ నాన్నగారూ నేనూ ఆశీర్వదించి వ్రాయునది” అని మొదలవుతాయి. మార్గశిర బహుళ ద్వాదశి నాటి దానిలో “మీ అమ్మ ఆశీర్వదించి” అని మాత్రమే ఉంది. ఆ తరువాతి నాలుగింటిలోనూ అంతే, దస్తూరీ మారినా మాట మారలేదు. కబురులో బొంకగలిగింది గాని, పోయిన మనిషి పేరు మీద బిడ్డకు ఆశీర్వచనం పంపలేకపోయింది. ఇది పంతులుగారి పొరపాటు కావచ్చునని ఎవరైనా అనవచ్చు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే పొరపాటు చేయరు. చావు కబురు కార్డును చదివి చించివేసే ఆచారం గల ఇళ్ళు మనవి. అటువంటి కార్డును, సెలవు దొరకని, ఏడ్వడానికి పక్కన అయినవాళ్ళు లేని కొడుకు చేతిలో పెట్టడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. దానిని తప్పనడం మాకు సమ్మతం కాదు. అయితే కర్మ చేయలేకపోయిన పెద్దకొడుకు బాధ కూడా నిజమైనదే, దానిని కొట్టిపారవేయకండి. పెదనాన్నగారు మాట్లాడగలిగిన స్థితిలో ఉంటే, ఆ మొదటి పంక్తిని ఆయన అప్పుడే గమనించారేమో అడగండి. గమనించి ఉంటారని మా అనుమానం. గేదె సంగతితో మొదలుపెట్టి అడగండి.

ప్రశ్న: మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు శాపర్లలో (సైన్యపు ఇంజనీరు దళంలో) పనిచేసి సముద్రాలు దాటి వెళ్ళారట. ఆ కాలంలో ఇళ్ళ నుంచి వెళ్ళిన ఉత్తరాలు ఎక్కడైనా దొరుకుతాయా?
— ఒక పాఠకుడు, హలసూరు, బెంగళూరు

సమాధానం: అసలు కాగితాలు దొరకడం కష్టం. ఫ్రాన్సులోని భారతీయ సైనికుల టపాను పరిశీలించడానికి బొలోన్ పట్టణంలో ప్రభుత్వం ఒక తనిఖీ కార్యాలయం పెట్టింది. అక్కడ కొన్ని ఉత్తరాలను ఆంగ్లంలోకి అనువదించి నివేదికలకు జతచేశారు. ఆ భాగాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తనిఖీ ఉన్నదని సిపాయిలకూ తెలుసు. అందుకే భారతీయ సైనికులను నల్ల మిరియాలని, తెల్లవారిని ఎర్ర మిరపకాయలని మారుపేర్లతో రాసేవారు. ఆ భాగాలలో ఎక్కువ భాగం ఉత్తర భారత సైనికులకు చెందినవి కనుక తెలుగు ఇళ్ళ మాట వాటిలో వినిపిస్తుందని పెద్ద ఆశ పెట్టుకోకండి. ముత్తాతగారి సేవా వివరాల కోసం మీ హలసూరు చెరువు పక్కనే ఉన్న మద్రాసు శాపర్ల కేంద్రంలో, వారి మ్యూజియంలో విచారించడం మేలు.

ప్రశ్న: పాత ఇన్లాండు ఉత్తరాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. లామినేషన్ చేయించవచ్చా?
— ఒక పాఠకుడు, టి. నగర్, చెన్నై

సమాధానం: చేయించకండి. వేడికి కాగితం ప్లాస్టిక్‌కు అతుక్కుపోయి మళ్ళీ విడదీయడానికి వీలుపడదు. పారదర్శకపు టేపు కూడా వద్దు; కొన్నేళ్ళకు దాని జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. మడతలు విప్పి, ముందు రెండు వైపులా ఫోటో తీయండి. ఆమ్లరహిత కాగితం మధ్య పరిచి, మన చెన్నై ఉక్కపోత తగలని అరలో, బయటి గోడకు ఆనకుండా ఉంచండి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి. బాగా శిథిలమైన వాటిని మీరే అతికించబోకండి. తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం వంటి చోట పాత కాగితాలతో పనిచేసేవారిని ముందు సలహా అడగండి. ఇన్లాండు లోపలి మడత అంచున అడ్డంగా రాసిన పంక్తులు ఉంటాయి; చోటు చాలక చివరలో ఇరికించినవి అవే కనుక ఫోటోలో అవి తప్పిపోకుండా చూసుకోండి.