ముల్లు గెంతుతుంటే తెరను మార్చకండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4, ఏడంగుళాల టచ్ తెర, బ్లూటూత్ ఈఎల్‌ఎమ్ 327 అడాప్టరు (కారు రీడింగులను బ్లూటూత్‌లో పంపేది) పెట్టి పైథాన్‌లో కారు డ్యాష్‌బోర్డు రాస్తున్నాను. ఆర్‌పీఎమ్ ఒక్కటే ఉన్నప్పుడు ముల్లు చక్కగా కదిలేది. పన్నెండు మీటర్లు పెట్టేసరికి సెకనుకోసారి గెంతుతోంది. గ్రాఫిక్స్ లైబ్రరీ మార్చమంటారా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: గ్రాఫిక్స్ జోలికి వెళ్లకండి. పన్నెండు ముళ్లు గీయడం పై 4కు పెద్ద పని కాదు. ఇరుకంతా ఓబీడీ సాకెట్ (కారు రీడింగులు బయటికిచ్చేది) దగ్గరుంది. ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) ఈ రీడింగులను తనంతట తాను పంపదు. ఒక పీఐడీ (ఒక్కో రీడింగుకు ఉండే కోడ్) అడగాలి, జవాబు వచ్చాకే ఇంకోటి అడగాలి. చవక బ్లూటూత్ అడాప్టరుతో సెకనుకు పది పదిహేను జవాబులు వస్తే మంచిదే అనుకోవాలి. పన్నెండింటినీ వరసగా తిప్పితే ఆర్‌పీఎమ్‌కు సెకనుకోసారే వంతు వస్తుంది. ఆ పది జవాబులనూ దేనిమీద ఖర్చు పెడుతున్నామన్నదే ఈ సాఫ్ట్‌వేర్‌లో అసలు విషయం.

ప్రతి పీఐడీకీ విడిగా వ్యవధి పెట్టండి. ఆర్‌పీఎమ్ (010సి), ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి అంటే మ్యానిఫోల్డ్ ప్రెజర్ (010బి) ప్రతి విడతలోనూ అడగాలి. స్పీడు (010డి) అర సెకనుకోసారి చాలు. కూలెంట్ ఉష్ణోగ్రత (0105), లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత (010ఎఫ్), వోల్టేజీ (0142) ఐదు సెకన్లకోసారి అడిగితే సరిపోతుంది. తెరమీద కనబడని పేజీలోని మీటర్లను అసలు అడగొద్దు. కూలెంట్ మాత్రం మినహాయింపు: ఏ పేజీలో ఉన్నా దాన్ని అడుగుతూనే ఉండాలి, హెచ్చరిక దానిమీదే ఆధారపడుతుంది.

ఇక అడాప్టరు. దానికిచ్చే ఆజ్ఞలు ఏటీతో మొదలవుతాయి. మొదట ఏటీజడ్, తర్వాత ఏటీఈ0, ఏటీఎల్0, ఏటీఎస్0, ఏటీహెచ్0 పంపితే ప్రతి జవాబులోనూ అనవసరపు అక్షరాలు పోతాయి. ఏటీఎస్‌పీ0తో ఒకసారి ప్రొటోకాల్ వెతకనిచ్చి, ఏటీడీపీఎన్‌తో దాని నంబరు తెలుసుకుని, ఇకనుంచి అదే పెట్టండి. క్యాన్ (ఈసీయూలు మాట్లాడుకునే నెట్‌వర్క్) ఉన్న చాలా కార్లలో అది 6, అంటే 11 బిట్ చిరునామా, సెకనుకు 500 కిలోబిట్లు. వేరే ఈసీయూ కూడా బదులిస్తుందేమోనని అడాప్టరు ప్రతిసారీ కాసేపు ఎదురుచూస్తుంది. 010సి1 అని చివర ఒకటి చేర్చితే మొదటి జవాబు రాగానే తిరిగి ఇచ్చేస్తుంది. ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఈసీయూ కూడా మాట్లాడవచ్చు కనుక, ఏటీఎస్‌హెచ్7ఈ0తో ఇంజన్‌నే అడగడం మేలు.

క్యాన్ కార్లలో ఒకే ప్రశ్నలో రెండు పీఐడీలు అడగొచ్చు. 010సి0బి అంటే జవాబు ఆరు బైట్లు, ఏడు బైట్ల ఫ్రేములో ఇముడుతుంది. స్పీడు కూడా చేరిస్తే ఎనిమిదై రెండు ఫ్రేములవుతుంది, విడదీసి చదవడం మీ పని. చవక నకలు అడాప్టర్లలో కొన్ని ఆజ్ఞలు ఉండవు. ప్రశ్నార్థకం ఒక్కటే తిరిగొస్తే ఆ ఆజ్ఞ దానికి తెలియదన్నమాట. ‘స్టాప్డ్’ అని వస్తే మాత్రం తప్పు మీ కోడ్‌దే: జవాబు చివర వచ్చే ‘>’ గుర్తు కోసం ఆగకుండా ఇంకో ఆజ్ఞ పంపారు.

అడాప్టరుతో మాట్లాడే సీరియల్ పనిని వేరే థ్రెడ్‌లో ఉంచండి. అది విలువతోపాటు వచ్చిన సమయాన్నీ రాసిపెట్టాలి, తెర దాన్ని చదువుకోవాలి, అంతే. రెండు రీడింగుల మధ్య ముల్లును నెమ్మదిగా జరిపితే కంటికి హాయిగా ఉంటుంది. ఏ విలువైనా దాని వ్యవధికి మూడింతలు పాతబడితే ఆ మీటరును బూడిద రంగులోకి మార్చండి. బ్లూటూత్ తెగిపోయాక కూడా 88 డిగ్రీలని చూపుతూ ఉండే కూలెంట్ మీటరుకన్నా మీటరు లేకపోవడమే నయం.

ప్రశ్న: ఎవరికి నచ్చినట్టు వాళ్లు మీటర్లు అమర్చుకునేలా చేయాలి. ఎలా మొదలుపెట్టాలి? డీజిల్ కారులో టర్బో బూస్ట్ కూడా కావాలి.
– ఉప్పల్ పాఠకురాలు

జవాబు: అమరిక కోడ్‌లో ఉండకూడదు, జేసన్ ఫైల్లో ఉండాలి. ఒక్కో మీటరుకు పీఐడీ, సూత్రం, యూనిట్, కనిష్ఠం, గరిష్ఠం, హెచ్చరిక హద్దు, వ్యవధి, తెరమీద చోటు రాయండి. ఆర్‌పీఎమ్‌కు మొదటి బైటును 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగించాలి: 26, 248 వస్తే 1726. కూలెంట్‌కు బైటులోంచి 40 తీసేయాలి: 123 వస్తే 83 డిగ్రీలు. సూత్రాన్ని పైథాన్ ఇవాల్‌కు (ఇచ్చిన అక్షరాలను కోడ్‌గా నడిపే ఫంక్షన్) అప్పగించకండి. ఎవరో పంపిన అమరిక ఫైల్లో ఏ కోడైనా నడిచిపోతుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే తెలిసిన చిన్న పార్సర్ రాయండి.

జాబితాలో కారు ఇవ్వని మీటర్లు చూపకూడదు. 0100 అడిగితే వచ్చే నాలుగు బైట్లలో ఒక్కో బిట్ ఒక్కో పీఐడీకి గుర్తు. మొదటి బైటు 190 అయితే 1, 3, 4, 5, 6, 7 ఉన్నాయి. 2, 8 లేవు. స్పీడు సున్నా కానప్పుడు అమరిక మార్చే మెనూ తెరుచుకోకూడదు. ఈ నియమాన్ని వాడేవాళ్ల ఇష్టానికి వదలొద్దు.

బూస్ట్ అంటే మ్యానిఫోల్డ్ ప్రెజర్‌లోంచి బయటి గాలి ఒత్తిడి తీసివేయడం. ఆ ఒత్తిడిని 101 కిలోపాస్కల్స్ అని రాసేస్తే తప్పు చూపుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ అది 95 చుట్టుపక్కలే. అందుకే ఇంజన్ ఆపి ఉన్నా మీటరు మైనస్ ఆరు చూపుతుంది. పీఐడీ 0133 నుంచి బయటి ఒత్తిడి తీసుకోండి. అది లేకపోతే తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు వచ్చిన 010బి విలువనే దాచుకుని వాడండి.

ప్రశ్న: ఆయిల్ ప్రెజర్ ఏ పీఐడీలో వస్తుంది?
– మలక్‌పేట పాఠకుడు

జవాబు: ప్రామాణిక మోడ్ 01లో (పై ప్రశ్నల మొదట ఉన్న 01 అదే) అది లేదు. చాలా కార్లలో ఉండేది దీపం వెలిగించే స్విచ్చే, దానికి అంకె తెలియదు. సెన్సర్ విడిగా పెట్టాలి: 0–10 బార్, 0.5–4.5 వోల్టుల రకం, స్విచ్ దగ్గర టీ జాయింట్ వేసి. టీ జాయింట్ కొనేముందు మీ స్విచ్ మర చూసుకోండి, సరిపడని మరను బిగిస్తే ఆయిల్ కారుతుంది. రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ ఇన్‌పుట్ లేదు కాబట్టి వోల్టేజీని అంకెగా మార్చే ఏడీఎస్ 1115 బోర్డు కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. బోర్డును 3.3 వోల్టులతో నడిపి, సిగ్నల్‌ను పైన 10 కిలో ఓమ్స్, కింద 20 కిలో ఓమ్స్ పెట్టి తగ్గిస్తే 4.5 వోల్టులు 3కు దిగుతాయి. చదివిన వోల్టేజీని ఒకటిన్నరతో గుణించి, 0.5 తీసేసి, 2.5తో గుణిస్తే బార్‌లలో వస్తుంది.

ప్రశ్న: రెండు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది. రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డు కూడా పాడైంది.
– అల్వాల్ పాఠకుడు

జవాబు: ఓబీడీ సాకెట్ 16వ పిన్‌లో తాళం తీసినా 12 వోల్టులు ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు అక్కడినుంచి తీసుకోకండి. తాళంతో ఆగే ఏసీసీ ఫ్యూజ్ నుంచి, 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చే బక్ కన్వర్టరు ద్వారా ఇవ్వండి, తీగ మొదట్లోనే ఫ్యూజ్ వేయండి. అడాప్టరును కూడా రాత్రి పీకేయాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు ఏసీసీ లైను ఒక క్షణం పడిపోతుంది. పై రీస్టార్ట్ అయి, రాస్తున్న కార్డు చెడేది అప్పుడే. రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (కార్డు మీద ఏమీ రాయనివ్వని ఏర్పాటు) పెట్టి, లాగ్‌లను వేరే పెన్‌డ్రైవ్‌కు పంపండి. అమరిక ఫైలూ ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉండాలి, లేకపోతే ప్రతి రీస్టార్ట్‌కూ పాత అమరికే తిరిగొస్తుంది.